గోధుమగింజ, సీసపు పలక, సాక్షి: విల్నా గెట్టో గ్రంథరక్షణ సాహిత్యంలో పాఠకుడు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యూదుల గ్రంథసంపదను నాజీల బారినుంచి కాపాడిన వృత్తాంతాల్లో విల్నా నగరానిది విశిష్టమైన స్థానం. ఆ ప్రయత్నంలో కవులు, భాషావేత్తలు, గ్రంథాలయ నిర్వాహకులు స్వయంగా పాల్గొనటం వల్ల గ్రంథరక్షణ చరిత్రతోపాటు గ్రంథరక్షణ సాహిత్యం కూడా అక్కడే పుట్టింది. హెర్మన్ క్రుక్ యిద్దిష్ భాషలో రాసిన దినచర్య, జెలిగ్ కల్మనోవిచ్ హీబ్రూలో రాసుకున్న దినచర్య, అబ్రహాం సుట్స్‌కేవర్ గెట్టోలో రాసిన కవితలు ఈ సాహిత్యంలో ముఖ్యమైనవి. వీటిని విడివిడిగా పరిశీలించినవారు ఎందరో ఉన్నారు. ఒకదాని పక్కన ఒకటి ఉంచి చదివినప్పుడు మాత్రం ఒక ప్రశ్న తప్పించుకోలేనిదిగా ముందుకొస్తుంది. గ్రంథాన్ని కాపాడటమంటే కాగితాన్ని కాపాడటమా, దాన్ని చదివే మనిషిని కాపాడటమా? ముగ్గురు రచయితలూ దీనికి మూడు విధాలుగా సమాధానం చెప్పారు. ఆ భేదాన్ని వివేచించటం ఈ వ్యాసం ఉద్దేశం.

నేటి లిథువేనియా రాజధాని విల్నియుస్‌నే యూదులు విల్నా అన్నారు. ‘లిథువేనియా జెరూసలేం’ అన్నది దానికి వారిచ్చుకున్న పేరు. 18వ శతాబ్దిలో తల్మూద్ పండితుడు ఎలియా గావోన్ నివసించిన ఊరు అది. రోమ్ కుటుంబపు ముద్రణాలయం 1880లలో వెలువరించిన ‘విల్నా తల్మూద్’ ప్రపంచమంతటా ప్రామాణిక ముద్రణగా నిలిచింది. మతిత్యాహు స్ట్రాషున్ అనే పండితుడు 1885లో మరణిస్తూ తన గ్రంథసేకరణను సమాజానికి ఒప్పగించాడు. మహాప్రార్థనాలయం ఆవరణలో వెలసిన స్ట్రాషున్ గ్రంథాలయం దాని ఫలితమే. 1925లో స్థాపించిన యివో సంస్థ యిద్దిష్ భాషా సాహిత్యాలకు, జానపద విజ్ఞానానికి పరిశోధనాలయం. పల్లెల్లోని సామాన్య సేకర్తలు పంపిన పాటలు, సామెతలు, కరపత్రాలు, నాటకాల గోడపత్రికలు కూడా అక్కడ భద్రపడేవి. ఇక్కడ గమనించవలసింది గ్రంథాలయాల సంఖ్య కాదు, వాటిని నింపినవారూ వాడినవారూ ఒకే ఊరి జనం కావటం. స్ట్రాషున్ పఠనమందిరంలో వృద్ధ రబ్బీలూ విద్యార్థి యువకులూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారని ఆ కాలపు వర్ణనలు చెబుతాయి.

జర్మన్ సైన్యం 1941 జూన్ 24న విల్నాను ఆక్రమించింది. సెప్టెంబరు 6న యూదులను గెట్టోలోకి తోలారు. ఊరి వెలుపలి పొనార్ అడవిలో సామూహిక హత్యలు అప్పటికే మొదలయ్యాయి. 1941 చివరికి నగర యూదుల్లో సగానికి పైగా అక్కడి గోతుల్లో కూలిపోయారు. సరిగ్గా ఈ కాలంలోనే ఆల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ పేరుతో నడిచే నాజీ దోపిడీదళం పుస్తకాల కోసం విల్నాకు వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ‘యూదు సమస్య’ను పరిశోధించే నాజీ సంస్థ ఒకటి ఏర్పాటయింది. మనుషులను నిర్మూలించి, వారి పుస్తకాలను అధ్యయనం చేయటం దాని ఆశయం. దళంతో వచ్చిన నిపుణుల్లో ఒకడైన యొహానెస్ పోల్ పూర్వం క్యాథలిక్ పురోహితుడు. జెరూసలేంలో హీబ్రూ చదువుకున్నవాడు. యూదు గ్రంథాల విలువ తెలియక నాశనం చేసిన అజ్ఞాని కాడతడు. తెలిసి చేసినవాడు. విద్వత్తు మనిషిని సంస్కరిస్తుందనే విశ్వాసం ఉన్నవారు ఈ ఒక్క వ్యక్తి దగ్గర కాసేపు ఆగవలసి ఉంటుంది.

విల్నా గ్రంథాలయాల నుంచి, ప్రార్థనాలయాల నుంచి, ఇళ్లనుంచి పోగుచేసిన పుస్తకాలను వేరుచేయటానికి గెట్టోనుంచి సుమారు 40 మందిని పనికి పిలిచారు. యివో భవనమే వారి కార్యస్థలం. పుస్తకాల్లో 30 శాతం ఫ్రాంక్‌ఫర్ట్‌కు, 70 శాతం కాగితపు మిల్లుకు వెళ్లాలన్నది ఉత్తరువు. మనుషుల విషయంలో ‘పనికొచ్చేవారు, పనికిరానివారు’ అనే ఏరివేత గెట్టో ద్వారం దగ్గర జరుగుతున్న రోజుల్లోనే, పుస్తకాల ఏరివేత యూదు పండితుల చేతులమీదుగా జరిగింది. సాహిత్యచరిత్రలో విలువ నిర్ణయమనే విమర్శకుడి పని ఇంతటి హింసాత్మక రూపం ధరించిన సందర్భం అరుదు. గ్రంథాలయ నిర్వాహకుడిగా జీవితం గడిపిన క్రుక్‌ను తాను రక్షకుడా కాటికాపరా అన్న సందేహం పీడించింది. ఆ సందేహాన్ని అతడు దినచర్యలో దాచుకోలేదు.

ఈ బృందానికి ‘కాగితపు దళం’ అన్న పేరు గౌరవంగా వచ్చింది కాదు. గెట్టో కాపలాదార్లు హేళనగా పెట్టిన పేరది. బయట పనిచేసి తిరిగివచ్చే తక్కిన శ్రామికులు బట్టల కింద రొట్టె, బంగాళాదుంపలు దాచి తెచ్చేవారు. వీరు మాత్రం కాగితాలు తెచ్చేవారు. ద్వారం దగ్గర సోదాలో పట్టుబడితే దెబ్బలు, ఒక్కోసారి మరణం. పొయ్యి రాజేసుకోవటానికి చిత్తుకాగితం కావాలని చెప్పి సుట్స్‌కేవర్ జర్మన్ అధికారి దగ్గర అనుమతిపత్రం సంపాదించాడు. దాని అండతో టాల్‌స్టాయ్, గోర్కీ, షోలెం అలైఖెమ్, బ్యాలిక్‌ల లేఖలు గెట్టోలోకి చేరాయి. కొంత యివో భవనపు అటకమీద, కొంత గెట్టోలోని నేలమాళిగల్లో, మరికొంత బయటి మిత్రుల దగ్గర దాచారు. విల్నియుస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఓనా షిమైతె అనే లిథువేనియన్ మహిళ వారికి తోడ్పడింది. 1944లో పట్టుబడి చిత్రహింసలకు గురైంది. ముద్రిత గ్రంథాలకన్నా ముందు లిఖితప్రతులను, లేఖలను, ఏకైక ప్రతులను కాపాడాలన్నది దళం అలిఖిత నియమం. ముద్రిత గ్రంథానికి ప్రపంచంలో మరెక్కడో మరో ప్రతి ఉంటుందన్న తర్కం దానికి ఆధారం. ఆ తర్కం సరైనదే. అందులో ఒక వెలితి కూడా ఉంది: ఇంటింటా చదివిన, మాసిన, అంచులు చినిగిన సామాన్య పుస్తకం మిల్లుకే వెళ్లింది.

దళంలో అందరిదీ ఒకే అభిప్రాయమనుకోవటం పొరపాటు. యివో సంచాలకుల్లో ఒకడైన కల్మనోవిచ్ తొలుత చాటుగా తరలించే పద్ధతిని సమర్థించలేదు. జర్మనీ ఓడిపోతుందనీ, అప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌కు చేరిన పుస్తకాలు తిరిగి దొరుకుతాయనీ, కాబట్టి వీలైనన్ని ఎక్కువ గ్రంథాలను ఆ 30 శాతంలోకి చేర్చటమే వివేకమనీ అతడు భావించాడు. గెట్టోలో దాచినవి గెట్టోతోపాటే నశిస్తాయన్నది అతడి భయం. సుట్స్‌కేవర్, ష్మెర్కె కచెర్గిన్‌స్కి వంటి యువకవులకు ఇది శత్రువును నమ్మటంలా కనిపించింది. చరిత్ర ఇద్దరి పక్షానా కొంత నిలిచింది. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాంతంలో దొరికిన గ్రంథాలను అమెరికన్ సైన్యం 1946లో ఓఫెన్‌బాఖ్ నిక్షేపాగారానికి చేర్చింది. వాటిలోని యివో గ్రంథాలు 1947లో న్యూయార్క్‌కు ప్రయాణమయ్యాయి. కల్మనోవిచ్ లెక్క తప్పలేదు. దాన్ని చూడటానికి అతడు మాత్రం మిగల్లేదు. ఎస్తోనియా శిబిరంలో మరణించాడు. కల్మనోవిచ్ దినచర్యలో గ్రంథం ఒక జాతి నిత్యత్వానికి చిహ్నం. వ్యక్తులు పోయినా జాతి ఉంటుందనీ, జాతి ఉంటే పాఠకుడు ఉంటాడనీ అతడి విశ్వాసం. అందుకే పాఠకుడు అతడి రచనలో ఎక్కడా సమస్యగా కనిపించడు. ఆ నిశ్చింత ఆ దినచర్యకు గాంభీర్యాన్ని ఇచ్చింది; దాని పరిమితి కూడా అక్కడే ఉంది.

క్రుక్ దినచర్య స్వభావం వేరు. వార్సాలో సామ్యవాద కార్మికపక్షమైన బుండ్ వారి గ్రంథాలయాన్ని నడిపిన అనుభవం అతడిది. 1939లో కాందిశీకుడిగా విల్నా చేరి, గెట్టో ఏర్పడిన రోజుల్లోనే స్ట్రాషున్ వీధి ఆరో నంబరు భవనంలోని పాత గ్రంథాలయాన్ని తెరిచాడు. పగలు యివో భవనంలో పుస్తకాలను మరణానికి పంపే పని, సాయంత్రం గెట్టోలో పుస్తకాలను మనుషులకు అందించే పని. ఈ రెండు పనుల మధ్య జరిగే ఘర్షణ అతడి వచనానికి ప్రాణం. 1941 అక్టోబరు 1న, ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పుర్ నాడు, సుమారు 3,000 మందిని గెట్టోనుంచి తీసుకుపోయి చంపారు. మరునాడు గ్రంథాలయంలో 390 పుస్తకాలు చేతులు మారాయి. క్రుక్ ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టాడు. వ్యాఖ్యానించలేదు. కవిత్వంలో ధ్వని చేసే పనిని ఇక్కడ మౌనంగా అంకెలు చేస్తాయి. వాచ్యార్థం గ్రంథాలయ నిర్వహణకు సంబంధించిన నివేదిక. వ్యంగ్యార్థం ఏమిటో తేల్చుకోవలసిన భారం చదివేవారిది. అది జీవితేచ్ఛా, మైకమా, మరణానికి అలవాటుపడిన మనస్సా? ఏదో ఒకటి ఎంచుకుని ఉంటే ఆ వాక్యం తేలిపోయేది.

1942లో రాసిన నివేదికలో క్రుక్ పాఠకుల అభిరుచులను విశ్లేషించాడు. ఎరువిచ్చిన పుస్తకాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా కల్పనాసాహిత్యమే. అందులోనూ కాలక్షేపపు నవలలకే ఎక్కువ గిరాకీ. సాహిత్యంతో శ్రామికులను చైతన్యవంతులను చేయాలని నమ్మిన పాతకాలపు గ్రంథపాలకుడికి ఇది నిరాశ కలిగించింది. చదువు ఇక్కడ మత్తుమందుగా మారిందని అతడు గ్రహించాడు. అయినా అంకెలను దిద్దలేదు. మరోవైపు పరిణతిగల పాఠకులు టాల్‌స్టాయ్ ‘యుద్ధమూ శాంతీ’ కోసం, ఆర్మీనియన్ల సంహారకాలంలో ఒక కొండమీద జరిగిన ప్రతిఘటనను చిత్రించిన ఫ్రాంజ్ వెర్ఫెల్ నవల ‘మూసా దాగ్ నలభై రోజులు’ కోసం వస్తున్నారని కూడా నమోదు చేశాడు. తమకు జరుగుతున్నది ఇంతకుముందు ఎవరికి జరిగిందో తెలుసుకోవాలన్న ఆరాటం అందులో ఉంది. 1942 డిసెంబరు 13న గెట్టోలో లక్షవ పుస్తకం ఎరువిచ్చిన సందర్భాన్ని ఉత్సవంగా జరిపారు. పాఠకులు రోజురోజుకూ హతులవుతున్న చోట పఠనసంఖ్యను పండుగ చేసుకోవటంలోని వైపరీత్యం క్రుక్‌కు తెలియనిది కాదు. గ్రంథరక్షణకు సంబంధించిన ఏ రచనలోనూ పాఠకుడు ఇంత సజీవంగా, ఇంత లోపభూయిష్ఠంగా, ఇంత ఆదర్శీకరణ లేకుండా కనిపించడు. ఈ కారణం చేతనే మూడు రచనల్లోనూ క్రుక్ దినచర్యను అగ్రస్థానంలో నిలపవలసి ఉంటుంది.

సుట్స్‌కేవర్ ‘గోధుమగింజలు’ కవిత 1943 మార్చి నాటిది. కవి యిద్దిష్ పలుకును పసిబిడ్డలా చేతుల్లో పెట్టుకుని గెట్టో సందుల్లో పరుగెత్తటం, దాచమని మొరపెట్టుకునే కాగితాలను భూమిలో పాతిపెట్టటం అందులో కనిపించే దృశ్యాలు. నిరాశ ముంచుకొచ్చిన క్షణంలో ఒక పాత కథ గుర్తుకొస్తుంది: ఈజిప్టు రాజు సమాధిలో ఉంచిన గోధుమగింజలు వేల ఏళ్ల తరవాత బయటపడి, నాటితే మొలకెత్తాయట. ఈ మాటలు కూడా బహుశా అలాగే మొలకెత్తుతాయేమోనన్న ఆశతో కవిత ముగుస్తుంది.

ఈ ప్రతీకను విమర్శకులు ఎక్కువగా పునరుజ్జీవనానికి సంకేతంగా గ్రహించారు. గెట్టో ద్వారాన్ని దృష్టిలో పెట్టుకుంటే మరో పార్శ్వం తెరుచుకుంటుంది. రొట్టె తేవలసిన చేతులతో కాగితం తెస్తున్నారన్న ఎత్తిపొడుపు దళం నిత్యం విన్నదే. పిల్లలు ఆకలితో ఉన్న చోట పాత ఉత్తరాలకు ప్రాణాలొడ్డటం నైతికంగా సమర్థనీయమా అన్న ప్రశ్న దానిలో ఉంది. సుట్స్‌కేవర్ వాదానికి దిగలేదు. కాగితాన్నే గోధుమగా మార్చాడు. రూపకం ఇక్కడ అలంకారం కాదు, ఒక అభియోగానికి ఇచ్చిన సమాధానం. కానీ సమాధానం సంపూర్ణమా? గింజ ఆహారం కావాలంటే నాటాలి, పండాలి, అంతదాకా ఎవరో బతికి ఉండాలి. ఇవాళ్టి ఆకలికి విత్తనపు గోధుమ ఉపయోగపడదు. విత్తనాన్ని వండుకుతినకుండా దాచే రైతు కుటుంబానికి తెలిసిన బాధే ఇది. కవిత ఆ బాధను సూచించి, దాటిపోతుంది.

ఇంకొక విషయం. సమాధిలోని గోధుమ మొలకెత్తిన కథ 19వ శతాబ్దంలో యూరపులో విస్తృతంగా ప్రచారమైన కట్టుకథ. గోధుమ విత్తనంలో జీవశక్తి అంతకాలం నిలవదని వృక్షశాస్త్రం తేల్చిచెప్పింది. కవితను దీనితో ఖండించబోవటం అవివేకం. అయితే కవి ముగింపును ‘బహుశా’ అన్న మాటమీద నిలబెట్టటం గమనార్హం. ఆ సందిగ్ధత తొలగించి కవితను ఆశావాద ప్రకటనగా ఉటంకించే అలవాటు గ్రంథరక్షణ ప్రసంగాల్లో స్థిరపడింది. కవిత ఒప్పుకోని నిశ్చయాన్ని దానికి అంటగట్టటమే అది.

‘రోమ్ ముద్రణాలయపు సీసపు పలకలు’ కవితలో గ్రంథం మరో రూపాంతరం పొందుతుంది. 1943 సెప్టెంబరు 12 తేదీ వేసిన కవిత ఇది. సుట్స్‌కేవర్, కచెర్గిన్‌స్కి గెట్టోనుంచి తప్పించుకుని అడవిలోని గెరిల్లాలను చేరటానికి బయలుదేరిన రోజు కూడా అదే. స్వాప్నికులు సైనికులుగా మారి, తల్మూద్ ముద్రణకు వాడిన సీసపు పలకలను రాత్రివేళ తెచ్చి, కరిగించి, తూటాలు పోస్తారు. పూర్వం దేవాలయంలో దీపాల్లో నూనె పోసినవారితో కవి వారిని పోల్చాడు. ఇలాంటి దాడి వాస్తవంగా జరిగినట్టు నమ్మదగిన ఆధారం లేదని పరిశోధకులు చెబుతారు. ఆ పలకలను జర్మన్లే లోహం కరిగించే కార్ఖానాకు అమ్మివేశారు.

అంటే చరిత్రలో సీసాన్ని శత్రువు కరిగించాడు. కవితలో అక్షరం యజమానులే కరిగించారు. దీన్ని అసత్యమని తీసిపారేసినవారూ, కవిసత్యమని సమర్థించినవారూ ఉన్నారు. అసలు చర్చించవలసింది కవి చేసిన మార్పుకు ఉన్న మూల్యాన్ని. ‘గోధుమగింజలు’లో అక్షరాన్ని ఎంత కష్టమైనా మార్చకుండా దాచాలి. ఇక్కడ అదే అక్షరం కరగాలి, తన అర్థాన్ని కోల్పోవాలి, అప్పుడే దాని ప్రజలను కాపాడగలదు. ఆరు నెలల తేడాతో ఒకే కవి రాసిన ఈ రెండు కవితలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. రెండవ కవిత తేదీ తరవాత కొద్దిరోజులకే జరిగింది పాఠకులు అంతమవటం: గెట్టోను 1943 సెప్టెంబరు 23, 24 తేదీల్లో ఖాళీ చేయించారు. పాఠకుడు మిగలని చోట దాచిన పుస్తకం ఎవరికోసం అన్న ప్రశ్నకు రెండవ కవిత ఇచ్చిన జవాబు తూటా. అందమైన జవాబే, కానీ అది జరగలేదు. కవిత్వంగా రెండూ గొప్పవే అయినా, మొదటిదానిలోని సంకోచం రెండవదానిలోని ధీరత్వంకన్నా నమ్మదగినదిగా అనిపించటానికి కారణం ఇదే కావచ్చు.

1944 జులైలో విల్నా విముక్తమైంది. సుట్స్‌కేవర్, కచెర్గిన్‌స్కి తిరిగివచ్చేసరికి యివో భవనం శిథిలమై ఉంది, అటకమీది దాపు నశించింది. గెట్టో నేలమాళిగల్లో దాచినవి చాలామట్టుకు దొరికాయి. వాటితో యూదు మ్యూజియం ఒకటి వెలిసింది. సోవియట్ పాలనలో చెత్త నిర్వహణ శాఖ ఆవరణలో పడివున్న సుమారు 30 టన్నుల కాగితాలు మిల్లుకు తరలిపోయాయన్న సంగతి కచెర్గిన్‌స్కిని నివ్వెరపరిచింది. నాజీలు వేసిన దారిలోనే విముక్తిదాతలు నడిచారు. ఇక్కడ గ్రంథాలకు భవిష్యత్తు లేదని గ్రహించిన కవులు, తాము దాచినవాటినే మళ్లీ చాటుగా పశ్చిమదేశాలకు తరలించారు. మిగిలినవాటిని, 1949లో మ్యూజియం మూతపడిన తరవాత, అంతానస్ ఉల్పిస్ అనే లిథువేనియన్ గ్రంథసంస్థ సంచాలకుడు ఒక చర్చి భవనంలో దశాబ్దాలపాటు గుట్టుగా ఉంచాడు. అతడికి యిద్దిష్ చదవటం రాదు. చదవలేని పుస్తకాలను కాపాడిన ఈ వ్యక్తిమీద ఎవరూ కవిత రాయకపోవటం ఈ సాహిత్యంలో లోటే. 2017లో కూడా విల్నియుస్‌లోని జాతీయ గ్రంథాలయంలో సుమారు 1,70,000 పుటల యూదు పత్రాలు గుర్తింపులోకి వచ్చినట్టు ప్రకటించారు.

ఈ వృత్తాంతానికి ఇటీవలి ప్రసిద్ధ కథనం డేవిడ్ ఫిష్‌మన్ 2017లో ప్రచురించిన ‘ద బుక్ స్మగ్లర్స్’. పత్రాలయాల మూలాలను శ్రద్ధగా పరిశీలించిన గ్రంథమది. ఈ విషయంమీద పనిచేసేవారెవరూ దాన్ని విస్మరించలేరు. గెట్టో గ్రంథాలయానికి, దాని పాఠకులకు అందులో తగిన చోటు ఉంది. అయినా కథనవేగం అంతా ద్వారం దగ్గరి సాహసంవైపే లాగుతుంది. పేరులోనే ఆ మొగ్గు ఉంది. దొరికిన ప్రతి పత్రమూ విజయంగా లెక్కకొస్తున్నప్పుడు, ఆ పత్రం ఎవరి చేతుల్లో నలిగిందో, ఎవరు దాన్ని మళ్లీ అడగటానికి రాలేదో వెనక్కు జరుగుతుంది. న్యూయార్క్ చేరిన స్ట్రాషున్ గ్రంథాలు ఇవాళ పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. పఠనమందిరంలో ఒకే బల్ల దగ్గర కూర్చున్న రబ్బీకీ యువకుడికీ మాత్రం ఓఫెన్‌బాఖ్ లాంటి నిక్షేపాగారం లేకపోయింది.

క్రుక్ తన విల్నా దినచర్యను మూడు ప్రతులుగా టైపు చేయించాడు. గెట్టోలో దాచిన ప్రతిలో కొంతభాగం యుద్ధానంతరం దొరికింది. గెట్టో అంతమైన తరవాత అతడిని ఎస్తోనియా శిబిరాలకు తరలించారు. అక్కడ కూడా చిన్నచిన్న పుస్తకాల్లో రాస్తూనే ఉన్నాడు. 1944 సెప్టెంబరు 17న లాగెది శిబిరంలో ఆ రాతలను భూమిలో పాతిపెట్టాడు. సుట్స్‌కేవర్ కవితలో గింజలను పాతేవాడు ఒంటరి. తవ్వితీసేవారు వేల ఏళ్ల తరవాతి అపరిచితులు. క్రుక్ ఆరుగురిని సాక్షులుగా పిలిచి, వారి కళ్లముందు పాతాడు. మరునాడు అతడినీ తక్కిన ఖైదీల్లో అత్యధికులనూ చంపి, శవాలను చితుల మీద కాల్చారు. ఆ ఆరుగురిలో ఒకడు బతికి, తిరిగివచ్చి, ఆ చోటు తవ్వాడు.